తొమ్మిదో కోరిక

మర్యాద అన్న మాట ఈమధ్య నేను వినలేకపోతున్నాను. గోదావరి జిల్లాల వాళ్ళం కదా, అది మాకు పుట్టుకతో వచ్చిందని ఎక్కడికి వెళ్ళినా చెప్పుకుంటాం. ఎదుటివాడు కాలు తొక్కినా "మీ కాలికేం కాలేదు కదండీ" అని అడిగే రకం మేము. ఢిల్లీ వెళ్ళివచ్చేదాకా నేనూ దాన్ని గొప్పగానే చెప్పుకున్నాను.

ముప్పై ఏళ్ళకు పైగా మా ఊరి హైస్కూల్లో హిందీ చెప్పాను. రిటైరైన హిందీ మాస్టారుతో ఎవరికీ పనుండదు. రొయ్యల ఫ్యాక్టరీల్లో పనికొచ్చిన ఉత్తరాది కుర్రాళ్ళకి బ్యాంకు ఫారాలు నింపిపెడుతూ కాలక్షేపం చేసేవాణ్ణి. అలాంటి నా ఇంటికి ఒకరోజు ఊరి పెద్దలు నలుగురు వచ్చారు. సముద్రం పక్కనున్న ఊరు, రైలుపట్టాల చివరనున్న ఊరు, ఇన్నాళ్ళూ ఎవరూ పట్టించుకోలేదు కాబట్టి ఒక సాధన కమిటీ వేశారట. ఢిల్లీ వెళ్ళి కేంద్రమంత్రిని కలిసి ఊరికి కావలసినవన్నీ అడుగుతారట. హిందీ వచ్చిన మనిషి కావాలి.

"మీరు రాకపోతే అక్కడ మేం మూగోళ్ళమేనండి మాస్టారూ" అన్నాడు కమిటీ అధ్యక్షుడు. ఆయనకి రైసుమిల్లు, రొయ్యల చెరువులు, ఒక కల్యాణమండపం ఉన్నాయి. అంతటివాడు నా వాకిట్లో నిలబడి చేతులు కట్టుకుని అడిగేసరికి పొంగిపోయాను. సిగ్గులేకుండా చెప్తున్నాను, ఆ రాత్రి అద్దం ముందు నిలబడి మంత్రితో ఏం మాట్లాడాలో హిందీలో రెండుసార్లు అనుకున్నాను కూడా.

మర్నాడు పొద్దున్నే నా పాత శిష్యురాలు ఒకావిడ వచ్చింది. పాలెం నుంచి, అంటే ఊరికి దిగువన సముద్రం ఒడ్డునున్న జాలరిపేట నుంచి, నడిచి వచ్చింది. ఏడో తరగతిలో ఒక్కసారి కూడా హిందీలో గట్టెక్కని పిల్ల. ఇప్పుడు నలభై దాటాయి. భర్త వేటకి వెళ్తాడు, ఆవిడ ఇంటిదగ్గర లేసు అల్లుతుంది. సముద్రం ఏటా ఒడ్డు కోసుకుంటూ వచ్చి వాళ్ళ ఇంటికీ నీళ్ళకీ మధ్యనున్న రెండు వరసల ఇళ్ళనీ తీసుకుపోయింది. ఇప్పుడు ముందు వరస వీళ్ళదే.

"ఆ రాళ్ళగట్టు మాట మీరే చెప్పాలండి మాస్టారూ. మిగతావోళ్ళు చెప్పరండి" అంది.

సముద్రానికి అడ్డంగా గట్టు కడితే ఇల్లు ఉంటుంది. కట్టకపోతే ఎటూ ఉండదు. దూరంగా, కాలవ అవతల, ప్రభుత్వం ఇళ్ళస్థలాలు ఇస్తానంది. కావాలనుకున్నవాళ్ళు నెలాఖరులోగా సంతకం పెట్టాలి, పెట్టకపోతే ఆ స్థలం ఇంకొకరికి పోతుంది. అక్కడినుంచి పడవ దగ్గరికి రావాలంటే రెండు ఆటోలు మారాలి. వేట మానుకున్నట్టే. అందుకని భర్త ఒక మాట, ఆవిడ ఒక మాట.

"మీరొచ్చి ఏం చెప్తే అదేనండి. గట్టు వస్తందంటే ఉండిపోతాం. రాదంటే సంతకం పెట్టేస్తాం."

"తప్పకుండా చెప్తానమ్మా, మొదటి మాట అదే" అన్నాను. ఆయ్, అని తలూపి వెళ్ళిపోయింది.

కోరికల జాబితా రాయడానికి కల్యాణమండపంలో కూర్చున్నాం. ముందు పెసరట్టు ఉప్మా వచ్చింది. తర్వాత కాఫీ వచ్చింది. ఆ తర్వాత ఊరి సమస్యలు వచ్చాయి. ఒకాయనకి హైదరాబాదు రైలుకి ఇంకో ఏసీ బోగీ కావాలి. ఇంకొకాయనకి ఓడరేవు. వేరొకాయనకి విమానాశ్రయం, గోదావరి రేవు దాటడానికే వంతెన లేని ఊరికి! ఒకరి కోరిక ఇంకొకరి కోరిక కంటే కింద రాస్తే మనసు నొచ్చుకుంటుందని ప్రతిదానికీ అరగంట బతిమాలుకోవడం. పాలకొల్లు వాళ్ళు అడిగారట కాబట్టి మనమూ అడగాలని ఒకటి చేర్చారు. అదేమిటో నాకిప్పటికీ గుర్తురాదు.

నేను లేచి రాళ్ళగట్టు మొదట రాద్దామన్నాను. సముద్రం ఇళ్ళని మింగేస్తోందనే మాటతోనే మొదలుపెడదామన్నాను.

"శుభమా అని ఢిల్లీ వెళ్తా మొదటి మాటే మునిగిపోతన్నామని రాస్తామాండీ?" అన్నాడు అధ్యక్షుడు. అందరూ నిజమే నిజమే అన్నారు.

నిజం చెప్పాలంటే నాకూ నిజమేననిపించింది. మా ఇళ్ళలో బియ్యం అయిపోయాయని అనరు, నిండుకున్నాయంటారు. దీపం ఆరిపోయిందని అనరు, కొండెక్కిందంటారు. చెడ్డమాట నోటితో అంటే అది ఇంట్లోకి వస్తుందని మా అమ్మ నెత్తిన మొట్టేది. ఆ అలవాటు మా ఎముకల్లో ఉంది. చివరికి రాళ్ళగట్టుని తొమ్మిదో కోరికగా రాశారు. "సముద్రం కోత" అన్న మాట తీసేసి "తీరప్రాంత సుందరీకరణ, తదితర పనులు" అన్నారు. గట్టు ఆ తదితరంలో ఉందట. దాన్ని ముత్యాల్లాంటి అక్షరాలతో హిందీలోకి మార్చింది నేనే. ఆ అక్షరాలు తలుచుకుంటే నా చెయ్యి మీద నాకే అసహ్యం వేస్తుంది.

అధ్యక్షుడు ఒడ్డున రిసార్టు కట్టే ఆలోచనలో ఉన్నాడని నాకు తర్వాత తెలిసింది. అక్కడ కూర్చున్న మిగతావాళ్ళందరికీ అప్పుడే తెలుసట. అందరూ శ్రీవైష్ణవులే, బుట్టలో రొయ్యలు మాత్రం మాయం.

ఢిల్లీకి ఎనిమిది మందిమి వెళ్ళాం. ఉత్త చేతులతో వెళ్ళకూడదు కదా. పూతరేకుల పెట్టెలు, లేసు బల్లగుడ్డ ఒకటి, శాలువా, గంధపు దండ. రెండు రోజులు గెస్ట్‌హౌస్‌లో పడిగాపులు కాశాం. మూడోరోజు మంత్రిగారు పిలిచారు. లోపలికి వెళ్ళగానే శాలువా కప్పడానికి నలుగురు పోటీపడ్డారు. దండ ఎవరు వెయ్యాలన్నది రైల్లోనే తేలిపోయినా అక్కడ మళ్ళీ "మీరు వెయ్యండి" అంటే "మీరే వెయ్యండి" అనుకున్నారు. ఫొటో తీశారు. వినతిపత్రం మీద ఊరి పేరు కనబడలేదని ఇంకోసారి తీశారు. పూతరేకులు కాగితమనుకుని మంత్రిగారు పొర విప్పబోతే అందరూ ఇకిలించారు, నేనూ ఇకిలించాను. మాకిచ్చిన సమయంలో సగం అలా పోయింది.

ఆయన మీద నాకు కోపం లేదు. కాగితం తీసుకున్నాడు, కళ్ళజోడు పెట్టుకున్నాడు, పేజీలు తిప్పాడు. తల ఎత్తి హిందీలో నన్నే అడిగాడు:

"ఇవి పద్నాలుగున్నాయి. అన్నీ నా వల్ల కావు. మీకు అన్నిటికంటే ముందు కావలసింది ఒక్కటి చెప్పండి, దాన్ని నేను స్వయంగా చూస్తాను."

అంత సూటి ప్రశ్న మా ఊరినెవరూ ఇంతకు ముందు అడిగి ఉండరు. నేను తెలుగులో చెప్పాను. కమిటీవాళ్ళు ఒకళ్ళ మొహాలు ఒకళ్ళు చూసుకున్నారు. బోగీ అంటే ఓడరేవాయనకి కోపం. ఓడరేవంటే విమానాశ్రయమాయనకి కోపం. చివరికి అధ్యక్షుడు రెండు చేతులూ జోడించి వంగి అన్నాడు:

"తమరి దయండి. ఏది చేసినా మాకు సంతోషమేనని చెప్పండి మాస్టారూ."

అడగనిదే అమ్మయినా పెట్టదంటారు. ఇక్కడ పెట్టేవాడు నోరు తెరిచి ఏం కావాలయ్యా అని అడుగుతున్నాడు. మావాళ్ళలో హిందీ వచ్చినవాణ్ణి నేనొక్కణ్ణే. "తొమ్మిదోది. ఇళ్ళు పోతున్నాయి. రాళ్ళగట్టు కావాలి." ఈ మూడు ముక్కలు నేనంటే ఆపేవాడు లేడు, అసలు మావాళ్ళలో అర్థం చేసుకునేవాడే లేడు. నాలుక చివరిదాకా వచ్చాయి కూడా. కానీ పెద్దమనిషి పక్కన నిలబడి ఒక మాట చెప్పమంటే ఇంకో మాట చెప్పడం ఎలా? బాగుండదు కదా? అంతే. ఆ "బాగుండదు" తప్ప నాకు వేరే అడ్డం లేదు. భయం కాదు, లాభం కాదు. వట్టి మొహమాటం. అధ్యక్షుడి మాటనే, ఇంకాస్త నెయ్యి పోసి, హిందీలో చెప్పాను.

మంత్రిగారు నా వంక ఒక క్షణం చూశాడు. ఏదీ అంత అవసరం లేనివాళ్ళు ఇంతదూరం ఎందుకొచ్చారా అన్న చూపు అది. మళ్ళీ పేజీలు తిప్పి వేలు పెట్టాడు. "ఇది సులువైన పని. తీర సుందరీకరణ. ఇది చేయిద్దాం."

తొమ్మిదోది. అప్పుడైనా అందులో ఇళ్ళ సంగతి ఉందని చెప్పి ఉండవచ్చు. కానీ అప్పటికే అందరూ చప్పట్లు కొడుతున్నారు. బయటికొచ్చాక అధ్యక్షుడు నన్ను కావలించుకుని "ఎంత మర్యాదగా చెప్పారండీ!" అన్నాడు.

తిరిగొచ్చిన రోజు స్టేషన్లో దండలు, ఫ్లెక్సీ. ఫ్లెక్సీలో నేను చివర, సగం భుజంతో ఉన్నాను. జనంలోంచి తోసుకుంటూ నా శిష్యురాలు వచ్చింది.

"మా మాట చెప్పారాండీ?"

మెడలో బంతిపూల దండ ఉంది. చుట్టూ కమిటీ ఉంది. "చెప్పానమ్మా. తొమ్మిదోది ఒప్పుకున్నారు" అన్నాను. ఆవిడ నా చేతులు పట్టుకుని కళ్ళకద్దుకుంది. నేను ఆ చేతులు లాక్కోలేదు. ఆ నెలాఖరు దాటిపోయింది. వాళ్ళు స్థలానికి సంతకం పెట్టలేదు.

తర్వాత ఒడ్డున పనులు మొదలయ్యాయి. పడవలు లాగిపెట్టుకునే చోట రంగు పలకలు పరిచారు. బెంచీలు వేశారు, దీపాలు పెట్టారు. ఊరిపేరు మనిషెత్తు ఇంగ్లీషు అక్షరాల్లో నిలబెడితే జనం వాటి ముందు సెల్ఫీలు దిగడానికి బారులు తీరారు. ఒక్క రాయి కూడా నీళ్ళలో పడలేదు. నేను అటువైపు వెళ్ళడం మానేశాను. ఎవరైనా సన్మానానికి పిలిస్తే ఒంట్లో బాగాలేదని చెప్పేవాణ్ణి, అది కూడా మర్యాదగానే.

ఆ ఏడు వచ్చిన తుఫాను పెద్దదేం కాదు, మాకు మామూలుగా వచ్చేదే. మర్నాడు పాలెంలో ముందు వరస పోయిందని పాలు పోసేవాడు చెప్పాడు. వెళ్ళాను. నా శిష్యురాలి ఇంట్లో వీధి గది నిలిచి ఉంది. సముద్రం వైపు వెనక గోడకి బదులు ఆకాశం కనబడుతోంది. భర్త వల విప్పుకుంటూ నన్ను చూసి తల తిప్పుకున్నాడు. ఆ మనిషి ఒక్కడే ఆ రోజు నాతో సరిగ్గా ప్రవర్తించాడు. ఆవిడ కుర్చీ తెచ్చి చీరకొంగుతో తుడిచి వేసింది.

నేను కూర్చోలేదు. నిలబడే చెప్పాను. "నేను చెప్పలేదమ్మా. ఆయన అడిగాడు. ఒక్కటే ఏది కావాలని నన్నే అడిగాడు. నేను నీ మాట చెప్పలేదు."

తిడుతుందనుకున్నాను. తిట్టాలని కోరుకున్నాను. మా ఊళ్ళో ఒక్కరైనా ఒక్కసారైనా మొహం మీద అంటే బాగుండునని ఆ క్షణంలో ఎంత అనిపించిందో చెప్పలేను.

"తెలుసండి మాస్టారూ" అంది. "బెంచీలేసిన రోజే తెలిసిందండి. అప్పటికి సంతకాల గడువు ఎలాగూ అయిపోయింది కదండీ. అడిగితే మీరు బాధపడతారని అడగలేదండి."

నేను కుర్చీ పట్టుకుని అలాగే నిలబడ్డాను.

"కూర్చోండి. ఇంత దూరం నడిచొచ్చారు, టీ పెడతాను" అంటూ లోపలికి తిరిగింది. వంటిల్లు లేదన్న సంగతి రెండడుగులు వేశాక గాని ఆవిడకి గుర్తురాలేదు.