బ్యానరు మీద పెద్దమ్మ

సినిమా హాలుకి బ్యానర్లు వేసే పెయింటరుకి ఒకే ఒక్క ఆడముఖం వచ్చు: పెళ్ళాం ముఖం. ఏ హీరోయిన్ ఫోటో ఇచ్చినా జుట్టూ చెంపలూ బాగానే కుదిరేవి. కళ్ళ దగ్గరికొచ్చేసరికి కుంచె దారి తప్పి ఇంటికెళ్ళిపోయేది. రాణి బొమ్మ వేసినా ఆవిడే, దెయ్యం బొమ్మ వేసినా ఆవిడే. ఆవిడా లోలోపల మురిసిపోయేది. ఆ కళ్ళు చూసి లారీలు వాటంతటవే బ్రేకు వేసుకునేవి. నమ్మకపోతే మీ ఖర్మ.

అలాంటి సంసారంలోకి ఒక పాత నేరాల సినిమా వచ్చిపడింది. మీసాలైనా సరిగా రాని కుర్రాడూ, వాడి ప్రియురాలూ కారెక్కి ఊరూరా మనుషుల్ని చంపుకుంటూ పోయే కథ. ఎప్పుడో నిజంగానే అలాంటి జంట ఉండేదట. పెయింటరు ఆ పిల్ల చేతికి తుపాకీ ఇచ్చి, అలవాటు కొద్దీ పెళ్ళాం కళ్ళు పెట్టాడు. హాలు ఓనరు చెప్పినట్టే కింద మూరెడేసి అక్షరాలతో ‘నిజంగా జరిగిన కథ’ అని రాశాడు.

కొంప మునిగింది అక్కడే. పనికెళ్ళే తల్లుల పసిపిల్లల్ని ఆవిడ తన ముందుగదిలో చూసుకుంటుంది. అందరికీ పెద్దమ్మ. తల్లులు బొమ్మ చూశారు, అక్షరాలు చదివారు. ఒకావిడ పిల్లాడికి జలుబట, ఇంకొకావిడ ఇంటికి అత్తగారు వచ్చిందట. వారం తిరక్కుండా ఉయ్యాలలన్నీ ఖాళీ.

“ఒక్క పిల్లకి గోరు గుచ్చుకోకుండా చూసుకున్నదాన్ని, హంతకురాల్ని చేశావు గదయ్యా. ఆ కళ్ళు పోయేదాకా నీకు తిండి లేదు,” అంది ఆవిడ.

బ్యానరు దించడానికి ఓనరు ఒప్పుకోలేదు, కావాలంటే కళ్ళు మార్చుకోమన్నాడు. మార్చాడు. మళ్ళీ ఆవిడవే వచ్చాయి, ఈసారి కాస్త కోపంగా. చివరికి నల్లకళ్ళద్దాలు పెట్టేద్దామని నిచ్చెన ఎక్కాడు. ఆవిడ కింద పట్టుకుంది. ఒక కన్ను నల్లబడిందో లేదో, రోడ్డు మీద ఆ జలుబు పిల్లాడు తల్లి చంకలోంచి బ్యానరు కేసి చేతులు చాచి, “పెద్దమ్మా” అంటూ ఆకాశం చిరిగేలా ఏడుపు అందుకున్నాడు. కింద అసలు మనిషి కనబడగానే దూకినంత పని చేసి ఆవిడ మెడ కరుచుకున్నాడు. తల్లి ఎంత లాగినా వదలడు.

తల్లి నేల చూపులు చూసింది. “వీడికి జలుబు తగ్గింది అక్కా. రేపట్నించి తీసుకొస్తా.”

పెద్దమ్మ వాడి ముక్కు తుడుస్తూ పైకి చూసింది. “ఆ కన్ను మళ్ళీ వెయ్యవయ్యా. తుపాకీ తీసేసి పాలసీసా పెట్టు.”

పెట్టాడు. ఓనరు లబోదిబోమన్నాడు గానీ, ఆ సీసాలో విషముందని పుకారు పుట్టి జనం విరగబడ్డారు. హాలూ నిండింది, జలుబు పిల్లాడి ఏడుపు సంగతి విని మిగతా తల్లులూ తిరిగొచ్చేసరికి పెద్దమ్మ ముందుగదీ నిండింది. పెయింటరే పాపం, నడుం వాల్చడానికి చోటు లేక మధ్యాహ్నాలు మెట్ల మీద కునుకు తీస్తున్నాడు.