అమ్మ జ్వరమని చెప్పని సోమవారం

రాజపాళయం బజారులో మాగిన మామిడిపళ్ళు కుప్పపోసినచోట, కాస్త పులిసిన ఆ తీపి వాసన తగిలితే ఇప్పటికీ ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకుని దాటిపోతాను. మా నాయన తాగివచ్చినప్పుడల్లా మామిడిపళ్ళు తెచ్చేవాడు. నూలు మిల్లులో ఫిట్టరు. గోళ్ళలో గ్రీజు పోయేదాకా చేతులు తోముకుని, పండు సన్నగా కోసి, టెంక నాకే ఇచ్చేవాడు. కొండమీది గాలి చల్లగా దిగే ఆ సాయంత్రాలు అరుగు మీద అచ్చనగాయలు ఆడుతూనే, వీధి మలుపులో ఆయన సైకిలు చప్పుడు కోసం చెవి పెట్టుకుని ఉండేదాన్ని. నాకు లెక్కలు రానందుకే ఆయన తాగుతున్నాడని నమ్మేదాన్ని.

సోమవారం ఆయన లేవకపోతే, అమ్మ మిల్లుకు ఫోను చేసి జ్వరమని చెప్పేది.

నాకు తొమ్మిదేళ్ళప్పుడు, తళవాయిపురం నుంచి మా బడికి వచ్చే ఒక టీచరు అమ్మనూ నన్నూ ఆదివారం కూటానికి పిలిచింది. తాగేవాళ్ళ ఇళ్ళవాళ్ళు కలుసుకునే కూటం అది. ఒకటో తరగతి గదిలో, సుద్దముక్కల వాసన మధ్య, పెద్ద ఆడవాళ్ళు చిన్నపిల్లల బెంచీల మీద మోకాళ్ళు ముడుచుకుని కూర్చుని ఎవరింటి సంగతి వాళ్ళు చెప్పేవాళ్ళు. అమ్మ నాలుగు నెలలు నోరు విప్పలేదు. ఆ తరువాత ఒకనాడు కొంగు చూసుకుంటూ, "నేనుగూడా అబద్ధం చెప్తా ఉండాను. మిల్లుకు ఫోను చేసి జొరమంటాను," అనింది.

టీచరు నా వైపు తిరిగి, "పాపా, మీ నాయన తాగేది నీవల్ల కాదు. నీవు మాన్పించనూలేవు," అనింది.

నాకు ఊరట కలగలేదు, భయం వేసింది. నావల్ల కాకపోతే, ఆపడం నా చేతిలో లేదన్నమాట.

మర్నాడు నాయన గోడవైపు తిరిగి పడుకుని, "ఫోను చెయ్యి," అన్నాడు.

"నేను చెయ్యను. మీరే చెప్పుకోండి." అమ్మ గొంతు పెంచలేదు. ఫోను ఆయన పక్కన పెట్టి, నన్ను బడికి తీసుకుపోయింది.

ఆయన ఫోను ముట్టలేదు. ఆ వారమే పని పోయింది. తరువాత రెండుసార్లు మానాడు, రెండుసార్లూ మళ్ళీ మొదలుపెట్టాడు. నాకు పదిహేడేళ్ళప్పుడు లివరు చెడి చనిపోయాడు. నాయనను కన్న మా అవ్వ, తాను పోయేదాకా అమ్మతో అంటూనే ఉంది: "నీవు ఆ దినం ఫోను చేసుంటే నా కొడుకు ఉండేవాడు." అమ్మ ఆదివారం రాగానే కూటానికి పోను చెప్పులు తొడుక్కునేది.

ఇప్పుడు ఆ బడి లేదు, ఆ మిల్లూ మూతపడింది. కూటం ఒక మేడ మీది గదికి మారింది. పోయిన ఆదివారం అక్కడ మొదటిసారి నేను నోరు విప్పాను. "అమ్మ ఆ దినం ఫోను చేసుండాల్సిందని నాకూ అనిపిస్తుంది," అన్నాను.

పక్కనే ఉన్న అమ్మ కొంగు చూసుకుంది.

"నాకుగూడా," అనింది.