ఒగ్దో పాదాల చలి

ప్రొకోపీని మా ఊళ్ళో ఎవరూ తెలివితక్కువవాడనలేదు. ఉన్న ఒక్క ఇల్లూ చేజేతులా కూల్చుకున్నాక కూడా అనలేదు.

వయసులో ఉన్నప్పుడు అతను సమష్టి వ్యవసాయ క్షేత్రంలో ట్రాక్టరు నడిపాడు. ఊరికి తూర్పున ఉన్న లార్చ్ చెట్ల అడవిని వేళ్ళతో సహా పెకలించిన ముఠాలో అతనే ముందు. దానికి ఒక చేతిగడియారం బహుమానంగా ఇచ్చారు. కొన్నేళ్ళు ఆ నేలలో బార్లీ బాగానే పండింది. తర్వాత కుంగడం మొదలైంది. చెట్ల నీడ పోయేసరికి నేలలో నిలువునా దిగి ఉన్న మంచుగోడలు కరిగిపోయాయి. వాటి మధ్య ఉన్న మట్టి మనిషెత్తు గుబ్బలుగా మిగిలింది. ఇప్పుడు అక్కడ ఆవులు కూడా అడుగుపెట్టవు. కొత్తగా వచ్చినవాళ్ళకు ప్రొకోపీ ఆ గుబ్బలు చూపించి, దున్నిందీ తానే ముంచిందీ తానే అని నవ్వేవాడు.

మా ఇళ్ళు కూడా నేల కింద ఏడాదంతా కరగని అదే మంచు మీద ఉన్నాయి. అందుకే ఇంటి అడుగు చెక్కలకూ భూమికీ మధ్య మోకాలెత్తు ఖాళీ వదిలి, చుట్టూ అడ్డు కట్టి, అందులో గాలి కంతలు పెట్టుకుంటాం. చలి మొదలవగానే వాటిని తెరుస్తాం. చలికాలమంతా గడ్డకట్టించే గాలి ఇంటి కింద తిరుగుతూనే ఉండాలి. ఎండలు రాగానే మూసేస్తాం. అలా చేస్తేనే కింద మంచు నిలుస్తుంది, పైన ఇల్లు నిలుస్తుంది. దానికి బదులుగా ఇంట్లో కూడా ఉన్ని బూట్లు విడవకుండా బతుకుతాం. గుమ్మం పక్కన బకెట్టులో నీళ్ళు తెల్లారేసరికి పొర కడతాయి. దాన్నెవరూ కష్టమనుకోరు.

ప్రొకోపీ భార్య ఒగ్దో కూడా అనుకోలేదు. పాకలో ఆవులు పిండుతూ, చేతులు పొదుగు కింద వెచ్చబెట్టుకుంటూ బతుకంతా గడిపిన మనిషి. అరవై దాటాక పక్షవాతం వచ్చి ఎడమవైపు పడిపోయింది. కొన్నాళ్ళకు మాట తిరిగి వచ్చింది. వచ్చాక స్పష్టంగా అన్న మొదటి మాట ఇది: "ముసలోడా, నా కాళ్ళు నీళ్ళలో ఉన్నాయి. తీసి పైన పెట్టు."

ప్రొకోపీ దుప్పటి కింద చెయ్యి పెట్టి చూశాడు. పాదాలు వెచ్చగానే ఉన్నాయి. అయినా కుందేలు తోలు మేజోళ్ళు తొడిగాడు. మంచాన్ని ఇల్లంతా వెచ్చబెట్టే ఇటుకల పొయ్యి పక్కకు జరిపాడు. ఇటుకలు కాల్చి గుడ్డలో చుట్టి పెట్టాడు. ఆమె మాత్రం నీళ్ళలోంచి తియ్యమనే అడిగేది, మొదట మామూలుగా, తర్వాత ఏడుస్తూ. ఊరి నర్సు సర్గిలానా వచ్చి చూసింది. ప్రొకోపీతో పాటు ఒగ్దో తమ్ముడు నికీఫోర్ కూడా ఉన్నాడు. ఈ చలి పాదాల్లో లేదు, తలలో ఉంది, పొయ్యి మీద కూర్చోబెట్టినా పోదు అని ఇద్దరికీ చెప్పింది. ప్రొకోపీ తలూపి, ఆమెకు పాలు కలిపిన టీ ఇచ్చి, గేటుదాకా సాగనంపాడు. మర్నాడు బండెడు ఎండుగడ్డి తెచ్చి ఇంటి గాలి కంతల్లో కూరడం మొదలుపెట్టాడు.

అటుగా వచ్చిన నికీఫోర్ కంచెకు ఆనుకుని కాసేపు చూశాడు.

"ఏంటి బావా, ఇంటికి దుప్పటి కప్పుతున్నావా?"

"మీ అక్కకి చలేస్తోందిరా."

"అక్కకి చలేస్తే అక్కకి కప్పు. భూమికి కప్పితే ఏమవుద్దో నీకంటే తెలిసినోడు ఈ ఊళ్ళో ఉన్నాడా? పొలం ముంచింది చాల్లేదా?"

"ఈ ఒక్క చలికాలమే."

నికీఫోర్ ఇంకా చాలా అన్నాడు. నీ ఇంట్లో పడవేసుకుని తిరుగుతావన్నాడు, అప్పుడు చేపలు పట్టడానికి నేనొస్తానన్నాడు. ప్రొకోపీ పని ఆపలేదు. గడ్డి మీద పచ్చిపేడ మెత్తాడు. సాయంత్రానికి అది రాయిలా గడ్డకట్టింది. దానిమీద మంచు ఎగదోశాడు.

ఆ వారం ఒగ్దో కాస్త నయమంది. నిజంగానే నయంగా ఉందో, మొగుడి అవస్థ చూసి అలా అందో మాకు తెలియదు. ప్రొకోపీ మాత్రం ఆ మాట అంగట్లో కనబడినవాళ్ళందరికీ చెప్పాడు.

వేసవిలో వానలు ఎక్కువ పడ్డాయి. తలుపు బిగుసుకుంది. ప్రొకోపీ దాన్ని చిత్రిక పట్టి సరిచేశాడు. కిటికీ అద్దం ఒకటి దానంతటదే పగిలింది. చలి మొదలయ్యాక అతను ఒకరోజు పేడంతా రాలగొట్టి కంతలు తెరిచాడు. చీకటి పడేలోపు ఒగ్దో ఏడుపు పక్కింటికి వినబడింది. మళ్ళీ మూసేశాడు.

జనవరిలో పొయ్యి కుంగింది. ఇంట్లో అన్నిటికంటే బరువు దానిదే. దిగబడుతూ కప్పు దగ్గర పొగగొట్టాన్ని విరగదీసింది. గదంతా పొగ. మేం నలుగురం వెళ్ళి పొయ్యి పక్కన నేలచెక్క ఒకటి లేపి చూశాం. ఊపిరి వదిలితే గడ్డకట్టే రోజది. చెక్క కింద నల్లటి నీళ్ళున్నాయి, ఆవిరి పొగలతో. ఆ నేల మీద కొత్త పొయ్యి కట్టడం అయ్యే పని కాదు. నికీఫోర్ కూడా లోపలికి తొంగిచూశాడు. ఎగతాళి చేస్తాడనుకున్నాం, చెయ్యలేదు. అక్కను గుర్రపుతోలులో చుట్టి, మంచు మీద జారే స్లెడ్జి బండిలో తన ఇంటికి తీసుకుపోయాడు. బావనూ రమ్మన్నాడు.

నికీఫోర్ ఇల్లు కొత్తది. భార్య మార్ఫా, కొడుకు, కోడలు, ఇద్దరు మనవలు. గాలి కంతలకు రేకు తలుపులు పెట్టి, ఊరందరికీ చూపించుకున్న ఇల్లు. ఒగ్దోకి పొయ్యి పక్కనే పరుపు వేశారు. కొద్దిరోజులు ఊరుకుంది. తర్వాత తమ్ముణ్ణి పిలవడం మొదలుపెట్టింది, ఆ నీళ్ళు తోడెయ్యరా అని. పిల్లలు భయపడి ఆ గదిలోకి పోవడం మానేశారు. మార్ఫా ఎవరితోనూ మాట్లాడటం లేదు. నికీఫోర్ హాస్యాలు కూడా ఆగిపోయాయి.

ఫిబ్రవరిలో ఒక ఉదయం ప్రొకోపీ ఆ ఇంటి పెరట్లో తాగునీటికని మంచుపలక పగలగొడుతున్నాడు. నికీఫోర్ గడ్డి స్లెడ్జి తోలుకొచ్చి గోడవారగా ఆపాడు. పార తీసుకుని మొదటి కంత ముందు మంచు తవ్వసాగాడు. ప్రొకోపీ గొడ్డలి పడేసి వెళ్ళి అడ్డం నిలబడ్డాడు.

"వద్దురా. పిల్లలున్న ఇల్లు."

"తెలుసు. జరుగు."

"నర్సు చెప్పింది నువ్వూ విన్నావుగా. అది నేల చలి కాదు."

"నువ్వు వినలేదా బావా? విని ఏం చేశావు?"

నికీఫోర్ పార మీద ఆనుకున్నాడు.

"లోపలికి పో. దీనివల్ల లాభం లేదని నీ నోటితో అక్కకి చెప్పు. సరేనని అంటే ఈ గడ్డి ఆవులకేసేస్తా."

ప్రొకోపీ లోపలికి వెళ్ళాడు. మార్ఫా పిండి కలుపుతోంది, తలెత్తలేదు. అతను పరుపు మీద కూర్చుని, దుప్పటి కింద చెయ్యి పెట్టి ఒగ్దో పాదం పట్టుకున్నాడు. అప్పుడే పుట్టిన దూడ ఒంటిలా వెచ్చగా ఉంది.

"బయట ఎవరు తవ్వేది?" అంది ఒగ్దో.

"నికీఫోర్."

"ఎందుకు?"

చెప్పాలని వచ్చిన మాట నోటిదాకా వచ్చే ఉంటుంది. "నీకు చలేస్తోందని," అన్నాడు.

"మంచోడు." ఆమె కళ్ళు మూసుకుంది. "తొందరగా కానిమ్మను, ముసలోడా."

అతను ఆ పాదాన్ని కాసేపు రుద్ది, కప్పి, బయటికి వచ్చాడు. అప్పటికే నికీఫోర్ మొదటి కంత మూసేశాడు. ప్రొకోపీ గోడకు ఆనించి ఉన్న రెండో పార తీసుకుని, మూలనున్న కంత ముందు మంచు తవ్వి, రేకు తలుపు ఊడదీసి, గడ్డి కూరడం మొదలుపెట్టాడు. పిండి చేతులతో మార్ఫా మెట్లమీదకొచ్చి, ఇద్దరినీ చూసి, లోపలికి పోయి తలుపేసుకుంది.