వెనక్కి నడిచే మేస్త్రి

టైల్స్ మేస్త్రికి పాతికేళ్లుగా వెనక్కి నడవడమే బతుకుతెరువు. గది చివర మొదలుపెట్టి, పరుచుకుంటూ గుమ్మం దాకా వెనక్కి రావాలి. అప్పుడే వేసిన టైలు మీద కాలు మోపినవాడు మేస్త్రీయే కాదని ఆయన సిద్ధాంతం.

ఆ సిద్ధాంతమే కొంప ముంచింది. ఒక ఇంట్లో ఆఖరి వరస వేసి లేస్తుండగా ఆ ఇంటావిడ వెనకనుంచి పిలిచింది. ముందున్నవన్నీ పచ్చి టైల్సే. కుడి పాదం గుమ్మంలోనే ఉంచి ఒళ్లు గిర్రున తిప్పాడు. మోకాలి చిప్ప బయటివైపుకు జారింది. మనిషి సిమెంటు బస్తాల మీద పడ్డాడు గాని టైల్స్ చెక్కుచెదరలేదు. ఆసుపత్రికి తీసుకెళ్తుంటే కూడా వాటి గురించే అడిగాడట.

చిప్పను లోపలివైపు నుంచి పట్టి ఉంచే లిగమెంటు చిరిగిందన్నారు డాక్టరు. పట్టీ వేసి, తొడ కండ బలపడేలా వ్యాయామం చేయమన్నారు. మేస్త్రి బుద్ధిమంతుడిలా మూడు పూటలా కాలు ఎత్తాడు, దించాడు. నాలుగు నెలలకు పనిలోకి వెళ్లొచ్చన్నారు.

మేస్త్రి వెళ్తేగా! ఒకసారి టైల్స్ నాసిరకమన్నాడు, ఇంకోసారి ఇల్లుగలాయన నోరు మంచిది కాదన్నాడు. ఆడలేక మద్దెల ఓడు అన్నట్టుంది వ్యవహారం. వంటింట్లోకి వచ్చి నీళ్లు తాగి, వచ్చిన దారినే వెనక్కి నడిచి వెళ్లేవాడు. పాత అలవాటేనని అందరూ నవ్వుకున్నారు. నాన్న వీపుకి ఒక అద్దం బిగించాలంది కూతురు.

ముందుగా నవ్వు మానేసింది భార్య. ఆయన వేసిన టైల్స్ సందులు ఇరవయ్యేళ్లుగా పూడుస్తున్నది ఆవిడే. వారం రోజులు కనిపెట్టి చూసింది. మనిషి కుడికాలి మీద తిరగడమే లేదు. సోమవారం పెద్ద హాలు పని ఉందనీ, ఈసారీ కాదంటే ఇక పిలిచేది లేదనీ కాంట్రాక్టరు కబురు పంపాడు.

ఆదివారం పొద్దున ఆయన వంటింట్లోంచి వెనకడుగు వేయబోతుంటే ఆపింది.

"నొప్పా, భయమా?"

ఆయన కుడి మోకాలు తడుముకున్నాడు.

"భయమే," అన్నాడు చివరికి. "తిరిగితే మళ్లీ జారిపోతుందేమోనని."

ఆ ఒక్క మాట బయటికి రావడానికి నెల పట్టింది. ఆవిడకి జాలేసింది. కింద కూర్చుని, గరుకెక్కిన అరచేతిని చిప్పకు బయటివైపు ఆనించింది.

"నేను పట్టుకున్నాను. తిరగండి."

ఆయన కళ్లు మూసుకుని తిరిగాడు. చిప్ప ఎక్కడిదక్కడే ఉంది. మళ్లీ తిరగమంది. మూడోసారికి ఆవిడ చెయ్యి తీసేసిన సంగతి ఆయనకు తెలియనే లేదు. నాలుగోసారి తిరిగి కళ్లు తెరిస్తే, ఆవిడ గుమ్మంలో నిలబడి, రేపు ఇద్దరం వస్తున్నామని కాంట్రాక్టరుకు ఫోన్లో చెబుతోంది.