నాటకశాలలో జూరీ

కోవిడ్ మొదటి ఏడాది అక్టోబరులో, ఆగిపోయిన జూరీ విచారణలు మళ్లీ మొదలవుతున్నాయని నాకు మొదట చెప్పింది కోర్టు రిజిస్ట్రార్ నోరీన్. ఐర్లండ్‌లోని మా పోర్ట్‌లీష్ నుంచి గంట ప్రయాణంలో ఉన్న ఊళ్లో ఒక కేసుకు తెలుగు దుభాషిగా నన్ను పిలిచింది. పన్నెండుమంది జూరర్లు రెండేసి మీటర్ల ఎడంతో కూర్చునే చోటు కోర్టులో లేక, మూతబడిన నాటకశాలను తీసుకున్నారు. వేదికమీద జడ్జి, ప్రేక్షకుల కుర్చీల్లో జూరీ.

నేను బడికి వెళ్లలేదు. నాన్నగారే ఇంట్లో చదివించారు. ఆయన చెప్పిన గ్రీకు విషాదనాటకం ఒకదానిలో, హత్యకేసు తీర్పు దేవత తానొక్కతే చెప్పదు. ఊరి పౌరులను కూర్చోబెట్టి, ఇరుపక్షాల మాటా వినిపించి, ఓటు వెయ్యమంటుంది. ప్రజల పాలనలో జూరీకి అదే తొలి రూపం అనేవారు నాన్నగారు. ఆ హాలు చూడగానే అది గుర్తొచ్చింది.

నిందితుడు రమేశ్ నిజామాబాద్ వాడు, టేకవే హోటల్లో వంటవాడు. లాక్‌డౌన్ రోజుల్లో తోటి పనివాణ్ణి వంటగదిలో వెనకనుంచి కొట్టాడని అభియోగం. దెబ్బ తిన్నవాడు ఎవరినీ చూడలేదు. ఉన్నది ఒక్క సాక్షి, హోటల్ వెనకింటాయన. నేరం రుజువైతే రమేశ్‌కు జైలు, ఆపైన వీసా కూడా పోతుంది.

దుభాషి మామూలుగా నిందితుడి పక్కనే కూర్చుని చెవిలో చెబుతుంది. అప్పుడు దానికి వీల్లేదు. రెండు మీటర్ల అవతలినుంచి, మాస్కులోంచి, సాక్షికి అడ్డురాకుండా మెల్లగా చెప్పాను. ప్రతి మాటకూ రమేశ్ తల ఊపాడు. అర్థమవుతోందనే అందరం అనుకున్నాం.

మధ్యాహ్నం విరామంలో, సాక్షి మాటలకు నీ జవాబేమిటని అతని తరఫు లాయరు, సొలిసిటర్, నా ద్వారా అడిగాడు.

“ఏం మాటలు ఆంటీ? నాకు సగం ఇనవడలే.”

మరి తల ఎందుకు ఊపావని అడిగితే, “పెద్దసారు ముంగట ఇనవడలేదంటే ఏం బాగుంటది? అందుకే ఊపిన,” అన్నాడు.

అందులో తప్పు నాదీ ఉంది. జడ్జికి చెబితే నా పేరు దుభాషుల జాబితాలో మిగలకపోవచ్చు. స్వామిని తలుచుకుని లేచాను. నిందితుడు సాక్ష్యం వినలేదనీ, అది నేను గమనించలేదనీ విన్నవించాను. తల ఊపుతూనే ఉన్నాడు కదా అని ప్రాసిక్యూషన్ లాయరు నసిగాడు. విననిదానికి ఎవరూ జవాబు చెప్పలేరు, సాక్షిని మళ్లీ పిలవండి అన్నారు జడ్జి. కానీ వినిపించడం ఎలా?

రోజూ తాళాలు తియ్యడానికి వచ్చే థియేటర్ ఉద్యోగిని బ్రీడా తలుపు దగ్గర చెయ్యెత్తింది. చెవి సరిగా వినపడని ప్రేక్షకులకిచ్చే హెడ్‌సెట్లు ఆమె దగ్గరున్నాయి. ప్రదర్శనలు లేకపోయినా వారం వారం వాటికి ఛార్జింగ్ పెడుతూనే వచ్చిందట.

“గ్రాండ్‌గా ఉన్నాయి. వినేవాళ్లు లేక పాపం అవే బెంగపెట్టుకున్నాయి,” అంది. ఇక్కడివాళ్ల మాటలో గ్రాండ్ అంటే బాగానే అని.

తెరిచి ఉన్న వెనక తలుపులోంచి అంతా చూశానని సాక్షి మళ్లీ చెప్పాడు. ఈసారి నేను మైకులో చెప్పిన మాట హెడ్‌సెట్‌లోంచి నేరుగా రమేశ్ చెవిలో పడింది. అతను తల ఊపలేదు. సొలిసిటర్‌ను పిలిచి, “ఆ తలుపు లాక్‌డౌన్ల తెరిసిందే లేదు. అడ్డంగ ఫ్రీజర్ వెట్టినం,” అన్నాడు. మర్నాడు హోటల్ యజమాని వచ్చి అదే చెప్పి, ఫోటో చూపించాడు.

మూడోరోజు జూరీ పెద్ద లేచి తీర్పు చెప్పింది. నేను మైకులో “నిర్దోషి” అన్నాను. నా ఉద్యోగంలో అంత నిండుగా పలికిన మాట మరొకటి లేదు.

ఆ తర్వాత రిటైరయ్యేదాకా తల ఊపడాన్ని నేను జవాబుగా తీసుకోలేదు. వినిపిస్తోందని నోటితో చెప్పించుకున్నాకే పని మొదలుపెట్టేదాన్ని. తీర్పు పౌరులదే, కానీ నిందితుడు వినని విచారణలో వాళ్ల ఓటుకు విలువ లేదు.

ఆ కేసు కాగితాల్లో బ్రీడా పేరు ఎక్కడా లేదు. ఇది చదివినవారు ఆమెను గుర్తుంచుకోవాలని నా మనవి.