గొట్టం పరీక్షకు టైం రాసిచ్చే అన్న

మొన్న పొద్దున కోదాడలో అన్న ఇంటి నుంచి ఫోన్ వచ్చింది. ఆయన పోయాడని భార్య చెప్పింది. సూర్యాపేటలో ఒక కడుపు డాక్టరు దగ్గర ఎండోస్కోపీకి టైం రాసిచ్చే మనిషి ఆయన. నేను నడిగూడెం దగ్గరి పల్లెలో ఆర్‌ఎంపీని. మాకు చుట్టరికం లేదు. ఆరేళ్లు దాదాపు రోజూ ఫోన్‌లో మాట్లాడుకున్నాం, అంతే.

అంతకుముందు మా పేషెంట్లు డాక్టరుకు చూపించుకోవడానికి ఒకసారి, గొట్టం వేయించుకోవడానికి ఇంకోసారి బస్సెక్కాల్సి వచ్చేది. రెండోసారి చాలామంది వెళ్లేవాళ్లే కాదు. డాక్టరును ఒప్పించి ఆ తిరుగుడు తప్పించింది అన్నే. మేం ఫోన్ చేసి ఆయన అడిగినవాటికి జవాబు చెబితే చాలు, మర్నాడు నేరుగా పరీక్షే. అలా జబ్బు ముందే తెలిసి బయటపడ్డవాళ్లు మా ఊళ్లో ఉన్నారు. వాళ్లకు ఆయన పేరు కూడా తెలియదు.

ఆ అడగడంలో మాత్రం పోలీసులు నయం. నేను పంపిన మొదటి ముసలాయన చాయ్ తాగి వెళ్లాడు. పరగడుపునే ఉన్నానని ఒట్టేశాడు కూడా. మా వైపు చాయ్ తిండి కింద లెక్క కాదు మరి. అన్న నాకు ఫోన్ చేసి తిట్టాడు.

"తిన్నవా అంటే తినలేదనే అంటరు. చాయ్ తాగినవా అని సపరేట్‌గ అడగాలె. పెద్దమనిషి వట్టిగ వాపస్ పోతుండు, నీకు మంచిగనిపిస్తున్నదా?"

కోపం వచ్చింది. నేర్చుకున్నాను కూడా.

చివరి ఏడాది ఫోన్‌లో ఆయన మాట మధ్యలో ఆగేది. గుటక వేసి మళ్లీ మొదలుపెట్టేవాడు. ఏమైందంటే "ఏం లేదు, గ్యాస్" అనేవాడు. అదే మాట నా పేషెంటు అంటే నమ్మేవాణ్ని కాదు, ఆయన అంటే నమ్మాను. ముద్ద దిగడం లేదని ఒప్పుకునేసరికి నాలుగు నెలలు గడిచాయి. ఆ నాలుగు నెలలకు నన్ను నేను క్షమించుకోలేను.

"దినాం అందరికీ టైం ఇస్తవ్. నీది నువ్వు రాసుకోరాదు అన్నా" అన్నాను.

"నన్ను పంపేటోళ్లు ఎవరున్నరే" అని నవ్వాడు.

నేనే పంపాను. ఇంట్లో చెప్పొద్దన్నాడు కాబట్టి తోడుగా పరీక్ష గదిలోకి కూడా నేనే వెళ్లాను.

డాక్టరు గారు తెర చూస్తూ ఎప్పుడూ ఏదో ఒకటి చెబుతూనే ఉంటారట. ఆ రోజు ఒకేచోట గొట్టం ఆపి తెరకు దగ్గరగా వంగారు. గొట్టం తీశాక అన్న లేచి కూర్చుని మూతి తుడుచుకున్నాడు.

"ఇంటివాళ్లెవరైనా వచ్చారా?" అని డాక్టరు గారు నెమ్మదిగా అడిగారు.

ఆ గదిలో ఆ మాట ఎలాంటివాళ్లను అడుగుతారో అన్నకు తెలుసు. బయటికి వచ్చి ఆ ఇంటివాళ్లను పిలిచే పని ఇన్నేళ్లూ ఆయనదే. గొంతు మొద్దుబారడానికి కొట్టిన మందుకు ఆయనకు ఇంకా మాట రావడం లేదు. చేయెత్తి నన్ను చూపించాడు.