అవ్వ నేర్పిన దారిలో ఒక వక్కాకు అంగడి

మా అవ్వ జ్ఞానాంబ బస్సు దిగడం చూడటానికి టికెట్టు పెట్టొచ్చు. ముందు కమ్మీ పట్టుకుంటుంది. తర్వాత ఎడమ మోకాలు పట్టుకుంటుంది. "అబ్బా, శివా" అని గట్టిగా అంటుంది. అప్పుడు ఒక కాలు కిందికి వస్తుంది. రెండో కాలు వచ్చేలోపు వెనకున్న వాళ్ళకు ఒక కునుకు పడుతుంది. అరవై ఎనిమిదేళ్ళ మనిషి, ఇంట్లో కూర్చోవచ్చు కదా అంటే, "నువ్వు కూర్చోని ఏం సాధించినావు?" అంటుంది. నేను పదో తరగతి రెండుసార్లు తప్పి కుట్టుమిషను ముందు కూర్చున్నదాన్ని. అందుకే నోరు మూసుకుంటాను.

అవ్వ శ్రీకాళహస్తిలో ఒక బడిలో ఇరవై ఆరేళ్ళు ఆయాగా పనిచేసింది. బుద్ధి ఎదుగుదల నెమ్మదిగా ఉండే పిల్లల బడి అది. అక్కడ పద్దెనిమిదేళ్ళు నిండితే పిల్లలను ఇంటికి పంపించేస్తారు. ఒక సర్టిఫికెట్టు, ఒక గ్రూపు ఫోటో, చేతిలో లడ్డు. ఆ తర్వాత వాళ్ళు ఏం చేస్తారో చెప్పే కాగితం ఏదీ ఉండదు. ఎక్కువమంది టీవీ ముందు కూర్చుంటారు. అవ్వ పని మానేశాక కూడా ఒక్కొక్కరికీ ఏదో ఒక పని వెతికి, అక్కడికి ఒంటరిగా పోయి రావడం నేర్పేది. అలా ఆరుగురు. "ఇంక నా వల్ల కాదు" అని ఆరుసార్లు అనింది. ఏడో మనిషి రూపశ్రీ.

రూపశ్రీది ఏర్పేడు పక్కన చిన్న ఊరు. తండ్రి లేడు. తల్లి రేవతి ఫ్యాక్టరీకి పోతూ, కూతురిని లోపల పెట్టి బయట తాళం వేసుకొని పోయేది. ఒకరోజు మా ఇంటికొచ్చి ఆ తాళంచెవి చూపించి, "ఆయమ్మా, నా బిడ్డను నేనే జైల్లో పెడతా ఉండా" అని ఏడ్చింది. అవ్వ ఆ పూట మోకాలికి తైలం రాసుకుంటూ ఉంది. తైలం సీసా మూత పెట్టేసి, "రేపు నుంచి వస్తా పో" అనింది.

పని దొరకడం కష్టం కాలేదు. స్వర్ణముఖి వంతెన పక్కన మునిచంద్ర అనే ఆయనకు కలంకారీ షెడ్డు ఉంది. బొమ్మ వేయకముందు గుడ్డను కరక్కాయ పొడి, బర్రెపాలు కలిపిన నీళ్ళలో ముంచి, ఒకేలా పిండి ఆరేయాలి. పిండడం ఒకచోట ఎక్కువ, ఒకచోట తక్కువైతే రంగు మచ్చలు పడుతుంది. రూపశ్రీ చేసిందే చేస్తుంది, చేసినట్టే చేస్తుంది. ఆమె పిండిన గుడ్డకు మచ్చ రాదు. చిక్కల్లా సమయంతోనే. పాలు ఎండకు విరిగిపోతాయి. తొమ్మిదికల్లా ఆమె అక్కడ ఉండాలి.

బస్సు నేర్పడానికి అవ్వకు ఒక పద్ధతి ఉంది. రెండు నెలలు పక్క సీట్లో. రెండు నెలలు రెండు సీట్ల వెనక. ఒక నెల చివరి సీట్లో. ఒక నెల వెనకొచ్చే బస్సులో. రూపశ్రీకి ఒక విషయం తలకెక్కడానికి నెలలు పడుతుంది, ఎక్కిందంటే గోడకు కొట్టిన మేకే. ఆధార్ కార్డు చూపించడం, ఆడవాళ్ళకు ఊరికే ఇచ్చే సున్నా టికెట్టు తీసుకోవడం, కిటికీ పక్కన కూర్చోవడం, అన్నీ వచ్చేశాయి. ఆరునెలల తర్వాత అవ్వ మంచం మీద కాళ్ళు చాపి, "అయిపోయింది" అనింది.

పన్నెండు రోజులు బాగా గడిచాయి. పదమూడో రోజు తొమ్మిదిన్నరకు మునిచంద్ర ఫోను.

"పెద్దమ్మా, పాప రాలేదే? పాలు కలిపి పెట్టినా."

అవ్వ చెప్పులు కూడా వేసుకోకుండా బయటికి వచ్చింది. నా స్కూటీ మీద ఎక్కింది. దారిపొడవునా నా భుజం నలిపేసింది. వంతెనకు ఒక స్టాపు ముందు, మార్కెట్ దగ్గర, కనిపించింది రూపశ్రీ. మూసిన ఒక అంగడి ముందు, క్యారియరు సంచి చంకలో పెట్టుకొని, నిటారుగా నిలబడి ఉంది. అది తమలపాకులు, వక్కలు అమ్మే చంద్రకాంతమ్మ వక్కాకు అంగడి.

"ఈడెందుకు నిలబడినావు మే?" అవ్వ అడిగింది.

"అంగడి తెరవలేదు ఆయా."

"తెరవకపోతే? పనికి పోవాల గదా!"

"వక్కాకు తీసుకోవాల. ఆ తర్వాతే గదా పని."

అవ్వ అంగడి మెట్టు మీద కూలబడింది. నాకు అప్పుడు అర్థమైంది. షెడ్డుకు దిగాల్సింది వంతెన దగ్గర. కానీ అవ్వకు నోట్లో వక్కాకు లేనిదే పొద్దు గడవదు. అందుకని ఆరునెలలూ ఒక స్టాపు ముందే దిగి, పొట్లం కట్టించుకొని, అక్కడినుంచి నడిపించింది. రూపశ్రీకి అది కూడా దారిలో భాగమే. చంద్రకాంతమ్మ కూడా అవ్వ కోసమే అనుకొని రోజూ పొట్లం చేతికిచ్చింది. ఇప్పుడు ఆమె గూడూరులో పెళ్ళికి పోయింది. రూపశ్రీ సంచి తీసి చూస్తే, కాగితంలో చుట్టిన పన్నెండు పొట్లాలు. ఆకులు ఎండి గలగలమంటున్నాయి.

"మంచి టీచరమ్మవే అవ్వా," అన్నాను.

"నోరు ముయ్యే," అనింది. కోపంగా కాదు. అలిసిపోయి.

షెడ్డులో పాలు విరిగి, గుడ్డలు తొట్టి పక్కన పడి ఉన్నాయి. మునిచంద్ర చెడ్డవాడు కాదు. "నాకు ఈ పాప చెయ్యే కావాల పెద్దమ్మా. కానీ తొమ్మిదికి కావాల. పదైదు దినాలు సూస్తా. ఆపైన ఇంకొకళ్ళను పెట్టుకుంటా," అన్నాడు. అవ్వ తల ఊపింది. రేవతి దగ్గర ఆ తాళం ఇంకా ఉంది. ఆ సంగతి మా ఇద్దరికీ తెలుసు.

నేర్పడం ఒక ఎత్తు, నేర్పింది చెరపడం ఇంకొక ఎత్తు. అంగడి దాటించి నడిపిద్దామంటే రూపశ్రీ దాని ముందునుంచి కదలదు. అందుకని ఆ స్టాపులో దిగడమే మానాలి. అవ్వ మళ్ళీ పక్క సీట్లోకి వచ్చింది. మార్కెట్ రాగానే రూపశ్రీ లేచేది. అవ్వ ఆమె చున్నీ పట్టి లాగేది. "ఈడ కాదు, వంతెన." రూపశ్రీ అవ్వ నోటి వైపు చూసి, "వక్కాకు?" అనేది.

నాలుగో రోజు అవ్వ నలభై ఏళ్ళ వక్కాకు మానేసింది. తన నోట్లో ఆ వాసన ఉన్నంతకాలం ఆ పిల్లకు అంగడి గుర్తొస్తూనే ఉంటుందని. ఇక చూడండి మా ఇంట్లో. కూరలో ఉప్పు ఎక్కువ, టీలో చక్కెర తక్కువ, నా కుట్టు వంకర. ఏమీ లేని నోరు నములుతూ కూర్చుంటే, "అవ్వా, నెమరు వేస్తా ఉండావా?" అన్నాను. చెప్పు విసిరింది. గురి తప్పలేదు.

పదో రోజు మార్కెట్ దగ్గర రూపశ్రీ సగం లేచి మళ్ళీ కూర్చుంది. పన్నెండో రోజు లేవలేదు. పద్నాలుగో రోజు అవ్వ చివరి సీటుకు పోయింది. పదిహేనో రోజు పోలేదు. మంచం మీద ఫోను పక్కన పెట్టుకొని గోడ గడియారం చూస్తూ పడుకుంది.

తొమ్మిదికి ఐదు నిమిషాలు ఉండగా ఫోను మోగింది. అవ్వ దాన్ని నా వైపు తోసింది. నేనే ఎత్తి స్పీకరు పెట్టాను.

"పెద్దమ్మా, వచ్చేసింది. వంతెన కాడనే దిగింది, నేను సూస్తానే ఉండా," అన్నాడు మునిచంద్ర. ఆగి, నవ్వు ఆపుకుంటూ, "ఒకటి అడగాల. పాపకు కాలికి ఏమన్నా దెబ్బ తగిలిందా? దిగేటప్పుడు ఎడమ మోకాలు పట్టుకోని, అబ్బా, శివా, అంటా ఉండాది. వెనక జనమంతా నిలబడిపోయినారు."

నేను పడి పడి నవ్వాను. అవ్వ నవ్వలేదు. తన ఎడమ మోకాలి వైపు చూసుకుంది.

"దాన్ని మాన్పించే ఓపిక నాకు లేదు. అట్లే పోనీ," అనింది. తర్వాత నా వైపు తిరిగి, "పోయి వక్కాకు పట్రాపో మే. ఆ పిల్ల కంట పడకుండా తెచ్చేది," అనింది.